‘తోడ’ నుంచి ‘వలన’ దాకా

కొన్ని నెలల కిందట మా బాబాయి వరుస పెద్దాయన ఒకరు మా ఇంటికి వచ్చి, చేతిసంచిలోంచి నాలుగు కాగితాలు తీసి నా ముందు పెట్టారు. ఆయన మనవరాలికి ఏడాది నిండిన కొద్ది రోజులకే మూర్ఛలు మొదలయ్యాయి. జ్వరం తగిలితే ఒకదాని వెంట ఒకటిగా వస్తాయి. తరువాత వారాల తరబడి ఏమీ ఉండదు. మళ్ళీ వస్తాయి. పిల్లకు మాటలు కూడా ఆలస్యమయ్యాయి. వైద్యులు జన్యుపరీక్ష చేయించమన్నారట. ఆ ఫలితమే ఈ కాగితాలు. అందులో ఒక జన్యువు పేరు, దాని పక్కన అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు, ఆ కింద ‘ప్రాముఖ్యం తేలని మార్పు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉన్నాయి.

“ఇది మా వైపు నుంచి వచ్చిందని రాశారా, కోడలి వైపు నుంచి వచ్చిందని రాశారా? కాస్త చూసి చెప్పరా,” అన్నారు బాబాయి.

నేను వైద్యుణ్ణి కాను. విజ్ఞానశాస్త్ర చరిత్ర చదువుకోవడం నాకున్న వ్యసనాలలో ఒకటి, అంతే. ఎవరి వైపు నుంచి వచ్చిందో ఆ కాగితాలలో లేదు. అసలు ఆ మార్పు రోగానికి కారణమని కూడా లేదు. ఆ మాటే చెప్పాను. “ఇంత డబ్బు పోసి చేయించిన పరీక్షలో అది కూడా తేలకపోతే ఎలారా?” అంటూ ఆయన కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయారు.

ఆయన ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు మాత్రం నాలుగు కాగితాలలో ఇమిడేది కాదు. చిన్నప్పుడు బడిలో విభక్తులు వల్లె వేసినవారికి గుర్తుండే ఉంటుంది: ‘తోడ’ తృతీయ, ‘వలన’ పంచమి. ఫలానా మార్పు తోడ ఫలానా రోగం కనబడింది అనడం ఒకటి; ఫలానా మార్పు వలన ఫలానా రోగం వచ్చింది అనడం మరొకటి. వ్యాకరణంలో ఈ రెంటి నడుమ ఉన్నది ఒక్క చతుర్థీ విభక్తి. జన్యుశాస్త్రంలో ఆ ఎడం దాటడానికి ఒకచోట ముప్పై ఏడేళ్ళు పట్టింది. మరొకచోట దాటామనుకున్న ఏడేళ్ళకు వెనక్కి రావలసి వచ్చింది. విచిత్రమేమిటంటే ఆ రెండు జన్యువులూ ఒకే క్రోమోజోము మీద, ఒకే వీధిలో, దాదాపు పక్కపక్క ఇళ్ళలో ఉన్నాయి. రెండూ మూర్ఛ, మేధోవైకల్యం కలిసి వంశపారంపర్యంగా వచ్చే కుటుంబాల ద్వారానే వెలుగులోకి వచ్చాయి. వాటి కథలు పక్కపక్కన పెట్టి చూస్తే సాక్ష్యం అంటే ఏమిటో కొంత బోధపడుతుంది.

మొదటి కథ 1971లో అమెరికాలో మొదలవుతుంది. జుబర్గ్, హెల్మన్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుటుంబాన్ని గురించి పిల్లల వైద్యపత్రికలో వ్యాసం ప్రకటించారు. ఆ కుటుంబంలో 15 మంది ఆడవారికి పసితనంలోనే మూర్ఛలు వచ్చాయి. వారిలో పలువురికి బుద్ధి వికాసం కుంటుపడింది. మగవారిలో ఒక్కరికీ ఆ జబ్బు లేదు. అంతవరకూ వింత అనుకోవచ్చు. అసలు వింత వంశవృక్షంలో ఉంది. జబ్బున్న ఆ ఆడపిల్లలను ఒకరితో ఒకరిని కలుపుతున్న గీతలు ఆరోగ్యవంతులైన మగవారి మీదుగా పోతున్నాయి. తండ్రికి ఏమీ లేదు, కూతుళ్ళకు ఉంది.

ఇది ఎందుకు వింతో చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషుడికి ఒక ఎక్స్, ఒక వై. ఎక్స్ మీద ఉన్న జన్యువు చెడితే సాధారణంగా దెబ్బ తినేది పురుషుడే, ఎందుకంటే అతనికి రెండో ప్రతి లేదు. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా అలాంటిదే, ఎరుపు ఆకుపచ్చలు పోల్చలేని వర్ణాంధత్వమూ అలాంటిదే. తల్లి ఆరోగ్యంగా ఉండి మార్పును మోస్తుంది, కొడుకు బాధపడతాడు. పాఠ్యపుస్తకాలలో చెప్పే నియమం ఇది. ఈ కుటుంబంలో ఆ నియమం తలకిందులైంది. ఒకే ప్రతి ఉన్న మగవాడు క్షేమంగా ఉన్నాడు. ఒక మంచి ప్రతి కూడా ఉన్న ఆడది జబ్బుపడింది. మార్పు ఉన్న మగపిండాలు కడుపులోనే పోతున్నాయేమో అనుకోవడానికీ వీల్లేదు. మార్పును అందిస్తున్న తండ్రులు నిక్షేపంగా బతికి పిల్లలను కన్నారు కదా!

1990లో ఇదే వంశవృక్షాన్ని ఫాబిసియాక్, ఎరిక్‌సన్ మరికొంత విస్తరించి, ఏయే అనువంశిక పద్ధతులు ఇక్కడ పొసగవో పరిశీలించారు. 1997లో ర్యాన్, ఆయన సహచరులు ఆ కుటుంబాన్నే మళ్ళీ తీసుకుని, డీఎన్ఏ గుర్తుల సాయంతో రోగస్థానం ఎక్స్ క్రోమోజోము పొడుగు చేతిలో ఎక్స్‌క్యూ22 అనే ప్రాంతం దగ్గర ఉందని చూపించారు.

ఈ ‘చూపించడం’ అంటే ఏమిటి? మనకు కాకతాళీయమనే చక్కని మాట ఉంది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వాలడం వలన పడిందా, లేక ఆ రెండూ ఒకే క్షణంలో జరిగాయా? జన్యుశాస్త్రజ్ఞుల మొదటి తగవు ఈ కాకితోనే. తల్లి తన రెండు ఎక్స్‌లలో ఒకటి బిడ్డకిస్తుంది. ఒక డీఎన్ఏ గుర్తు రోగంతో ఏ సంబంధమూ లేకుండానే రోగమున్న బిడ్డకు చేరడానికి సగం అవకాశం ఉంది. ఇద్దరిలో అలా జరగడానికి నాలుగింట ఒక వంతు. పదిమంది బిడ్డలలో ఒక్కసారీ తప్పకుండా జరగడానికి 1024లో ఒక్క వంతు. 1955లో న్యూటన్ మోర్టన్ ఈ లెక్కకు ఒక హద్దు గీశాడు. రోగమూ గుర్తూ కలిసి ప్రయాణిస్తున్నాయనడానికి అనుకూలత వెయ్యికి ఒకటి దాటితే గాని నమ్మవద్దన్నాడు. సంవర్గమానాలలో అది 3. నేటికీ వంశవృక్షాల మీద పనిచేసేవారు ఆ అంకెను గౌరవిస్తారు.

అయితే ఈ లెక్క చెప్పేది వీధి పేరే, ఇంటి నంబరు కాదు. ఎక్స్ క్రోమోజోములో 15 కోట్లకు పైగా అక్షరాలున్నాయి. వంశవృక్షం ఎంత పెద్దదైనా దాని సాయంతో లక్షల అక్షరాల పొడవున్న ఒక వీధి వరకు రాగలం. ఆ వీధిలో కాపురముండే జన్యువులు పదులకొద్దీ ఉంటాయి. దొంగ ఈ వీధిలోనే ఉన్నాడు అన్నంత మాత్రాన ఏదో ఒక తలుపు తట్టి, తీసినవాణ్ణి పట్టుకోవడం న్యాయం కాదు. పైగా 1997 నాటికి మన చేతిలో ఉన్నది ఒకే ఒక్క కుటుంబం.

పదకొండేళ్ళ తరువాత, 2008లో, రెండు పనులు వెంట వెంట జరిగాయి. ఆస్ట్రేలియాలో మూర్ఛరోగ నిపుణురాలు ఇన్‌గ్రిడ్ షెఫర్ బృందం ఇటువంటివే మరి నాలుగు కుటుంబాలను వర్ణించింది. రెండు ఆస్ట్రేలియావి, రెండు ఇజ్రాయెల్‌వి. అమెరికా కుటుంబంతో వీటికి చుట్టరికం లేదు, అయినా రోగస్వరూపం అదే, మగవారిని వదలివేసే ఆ వింత తీరూ అదే. అదే ఏడాది డిబ్బెన్స్, గెజ్, షెఫర్ మొదలైనవారు బ్రిటన్ పరిశోధకులతో కలిసి ఎక్స్ క్రోమోజోము మీద 737 జన్యువులను ఒక్కొక్కటిగా చదివారు. ఏ తలుపు తట్టాలో ముందే నిర్ణయించుకోకుండా ఇంచుమించు అన్ని ఇళ్ళూ సోదా చేశారన్నమాట. పీసీడీహెచ్ 19 అనే జన్యువులో ఏడు కుటుంబాలకు ఏడు మార్పులు దొరికాయి. వాటిలో ఐదు, మాంసకృత్తు తయారీని నడిమధ్యలో ఆపివేసే మార్పులు. మిగిలిన రెండు, కాల్షియాన్ని పట్టుకునే చోట మాంసకృత్తును దెబ్బతీసేవి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఒకే కుటుంబంలో ఒకే మార్పు పదిహేను మందిలో కనబడటం కన్నా, ఒకరికొకరు తెలియని ఏడు కుటుంబాలలో ఒకే జన్యువు వేరువేరు చోట్ల చెడి ఉండటం బలమైన సాక్ష్యం. ఒక కుటుంబంలో రోగంతో పాటు వీధి మొత్తం తరలివస్తుంది. ఆ వీధిలో ఏ ఇంట్లో ఏ చిన్న పగులున్నా అదీ రోగంతో పాటే కనబడుతుంది. ఏడు కుటుంబాలలో ఏడు పగుళ్ళూ ఒకే ఇంట్లో ఉంటే మాత్రం కాకిని నిందించి తప్పుకోలేం.

అయినా ప్రశ్న మిగిలే ఉంది. మగవారు ఎందుకు బాగున్నారు? ఇది తేలనంతవరకు ఎంత సాక్ష్యమున్నా ఏదో వెలితి. 2009లో ఫ్రాన్సులో డెపియన్ బృందం మరో దిశ నుంచి దీనికి దారి చూపింది. పసితనపు తీవ్రమైన మూర్ఛరోగాలలో ఒకదానికి కారణమని తెలిసిన జన్యువులో ఏ లోపమూ కనబడని పిల్లలను వారు పరీక్షిస్తున్నారు. కొందరు ఆడపిల్లలలో పీసీడీహెచ్ 19 మార్పులు దొరికాయి. వారిలో పలువురికి అది తల్లిదండ్రుల నుంచి రాలేదు, వారిలోనే కొత్తగా పుట్టింది. ఒక మగపిల్లవాడిలోనూ ఆ జన్యువు ఊడిపోయి కనబడింది. మగపిల్లవాడికి ఈ జబ్బు రాకూడదు కదా! అతని చర్మకణాలు చూస్తే, కొన్నింటిలో జన్యువు ఉంది, కొన్నింటిలో లేదు. అతడు రెండు రకాల కణాల కలగలుపు.

అక్కడే ముడి విడింది. 1961లో మేరీ లయన్ ఎలుకల బొచ్చు రంగులను ఆధారం చేసుకుని ఒక మాట చెప్పింది. ఆడజీవి ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి మూతపడుతుంది. ఏది మూతపడేదీ కణానికొక తీరు. అందువలన పీసీడీహెచ్ 19 మార్పు ఉన్న స్త్రీ మెదడులో కొన్ని కణాలలో ఆ మాంసకృత్తు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఆ మాంసకృత్తు చేసే పని కణాలను ఒకదానితో ఒకటి అతికించడం, ఇరుగుపొరుగులను గుర్తుపట్టేలా చేయడం. మార్పు ఉన్న పురుషుడి కణాలలో ఒక్కదానిలోనూ అది ఉండదు, కాబట్టి అన్నీ ఒకే తీరున నడుస్తాయి. కోలాటంలో అందరూ ఒకే అడుగు వేస్తే ఆట సాగుతుంది. అందరూ వేరే అడుగు నేర్చుకుని ఉన్నా ఆట సాగుతుంది. సగం మంది ఒక అడుగు, సగం మంది మరో అడుగు వేస్తేనే కోలలు తగలవలసిన చోట తగలవు. జబ్బు జన్యువు లేకపోవడంలో లేదు, ఉన్నవీ లేనివీ కలగలవడంలో ఉంది. ఆ మగపిల్లవాడు జబ్బుపడిందీ అందుకే. తరువాతి ఏళ్ళలో అతనిలాంటి కలగలుపు మగవారు మరికొందరు బయటపడ్డారు. 2018లో పెడరిక్, ఆయన సహచరులు ఎలుకలలో ఇదే చూపించారు. రెండు రకాల కణాలూ ఉన్న పిండం మెదడులో అవి కలిసి ఉండక వేరువేరు గుంపులుగా విడిపోయాయి. అన్ని కణాలలోనూ జన్యువును తీసివేస్తే ఆ విడిపోవడం లేదు.

1971లో వంశవృక్షంలో వైద్యులను తికమకపెట్టిన వింత, చివరికి రోగం పనిచేసే తీరుకే ఆనవాలని తేలింది. అంతకన్నా ముఖ్యమైనది, ఈ గొలుసులో ప్రతి కొక్కేన్నీ వేరువేరు మనుషులు, వేరువేరు దేశాలలో, వేరువేరు పద్ధతులలో తగిలించారు. ఒక కొక్కెం ఊడినా గొలుసు తెగదు. ‘వలన’ అనడానికి అర్హత వచ్చిందంటే ఇందుకు.

ఇక పక్కింటి కథ.

పీసీడీహెచ్ 19కు పది లక్షల అక్షరాల లోపు దూరంలో, అదే ఎక్స్‌క్యూ22లో, ఎస్ఆర్‌పీఎక్స్ 2 అనే జన్యువు ఉంది. 2006లో, అంటే పీసీడీహెచ్ 19 బయటపడటానికి రెండేళ్ళ ముందు, ఫ్రాన్సు పరిశోధకులు రోల్, సెపెటోవ్‌స్కీ తదితరులు ఒక ఫ్రెంచి కుటుంబాన్ని గురించి రాశారు. ఆ కుటుంబంలో కొందరికి మెదడులో నోరు, నాలుక కదలికలను శాసించే చోట పుట్టే మూర్ఛలు, మాట పలకడంలో ఇబ్బంది, మేధోవైకల్యం ఉన్నాయి. వారి ఎస్ఆర్‌పీఎక్స్ 2లో ఒక అక్షరం మారి ఉంది. మరొక రోగిలో అదే జన్యువులో ఇంకొక మార్పు కనబడింది; అతనికి మూర్ఛలతో పాటు మెదడు ముడతలలో పుట్టుకతోనే లోపముంది. మార్పు చెందిన మాంసకృత్తు ప్రయోగశాలలో మామూలు దానిలా ప్రవర్తించలేదు. తరువాతి ఏళ్ళలో ఆ మాంసకృత్తు దేనితో అతుక్కుంటుందో తెలిసింది. మాటకు సంబంధించినదిగా పేరు పొందిన ఫాక్స్‌పీ 2 అనే జన్యువు దీన్ని అదుపు చేస్తుందని 2010లో తేలింది. కథ ఎంత అందంగా ఉందో చూడండి! మాట తడబడే కుటుంబం, మాటకు పేరుపడ్డ జన్యువు అదుపులో ఉన్న మరో జన్యువు, మెదడులో మాట పుట్టే స్థానం. ప్రతి ముక్కా మరో ముక్కకు సరిగ్గా అతుకుతోంది. నమ్మకుండా ఉండటమే కష్టం.

2013లో ఆ కథకు మూడు వైపుల నుంచి కబుర్లు వచ్చాయి.

మొదటిది పిటన్, రెడిన్, మాండెల్ అనే ముగ్గురు ఫ్రాన్సు పరిశోధకుల లెక్క. అప్పటికి ఎక్స్ క్రోమోజోము మీద మేధోవైకల్యానికి కారణమని ప్రకటింపబడ్డ జన్యువులు వందకు పైగా ఉన్నాయి. అమెరికాలో గుండె, ఊపిరితిత్తుల రోగాల పరిశోధన కోసం చదివిన జనం డీఎన్ఏ అప్పుడే అందరికీ అందుబాటులోకి వచ్చింది. అందులోని 10,563 ఎక్స్ క్రోమోజోములను ముందు పెట్టుకుని, ఈ ముగ్గురూ 106 జన్యువుల మీద ఉన్న ఆరోపణలను తిరిగి విచారించారు. పది జన్యువుల విషయంలో ఆరోపణ చాలా సందేహాస్పదమని, మరో పదిహేనింటికి ఇంకా సాక్ష్యం కావాలని తేల్చారు. ఆ పదింటిలో ఎస్ఆర్‌పీఎక్స్ 2 ఒకటి. రోగకారకమన్న మార్పు రోగమెరుగని సామాన్య జనంలోనూ కనబడుతోంది.

రెండవది మరింత గట్టి దెబ్బ. అదే ఏడాది లెస్కా బృందం, మాటను దెబ్బతీసే పసితనపు మూర్ఛలకు గ్రిన్ 2ఏ అనే జన్యువు కారణమని ప్రకటించింది. అదే పత్రిక అదే సంచికలో మరో రెండు బృందాలు విడివిడిగా అదే మాట చెప్పాయి. గ్రిన్ 2ఏ ఎక్స్ మీదది కాదు, పదహారవ క్రోమోజోముది. లెస్కా బృందం పరిశీలించిన కుటుంబాలలో 2006 నాటి ఆ ఫ్రెంచి కుటుంబం కూడా ఉంది. వారి రోగానికి కారణమనదగిన మార్పు గ్రిన్ 2ఏలో ఉంది. ఏడేళ్ళు దొంగను ఒక వీధిలో వెతికి ఒక ఇంటివాణ్ణి పట్టుకున్నాం; అతడు అసలు ఆ ఊళ్ళోనే లేడు.

మూడవది చిత్రమైనది. ఆ ఏడాది చివరలో అమెరికా పరిశోధకులు ఎస్ఆర్‌పీఎక్స్ 2 గురించి సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఈ జన్యువు మెదడు కణాల మధ్య సంధులు ఏర్పడటానికి తోడ్పడుతుందని, దాన్ని తగ్గిస్తే ఎలుకపిల్లలు చేసే సూక్ష్మధ్వనులు తగ్గిపోతాయని చూపించారు. ఇది తప్పు కాదు. ఆ జన్యువు మెదడులో ఏదో పని చేస్తున్న మాట నిజమే. కాని ఒక జన్యువు మెదడులో పని చేయడం వేరు, ఆ కుటుంబపు రోగానికి అదే కారణం కావడం వేరు. ప్రయోగశాలలో దొరికేది ‘ఇలా జరగవచ్చు’ అన్న మాట. రోగి విషయంలో కావలసింది ‘ఇలా జరిగింది’ అన్న మాట.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చినది వేరే ఉంది. 2006 నాటి వ్యాసంలో పెద్దగా చివరన సంతకం చేసిన సెపెటోవ్‌స్కీ పేరే, 2013లో దాన్ని సరిదిద్దిన వ్యాసంలోనూ చివరన ఉంది. తాను కట్టిన ఇంటిని తానే పడగొట్టి పునాది చూపించిన మనిషి. ఇలాంటివి పత్రికలలో పెద్ద అక్షరాలతో రావు.

ఇప్పుడు రెండు కథలూ పక్కపక్కన పెడితే తేడా ఎక్కడుంది? రెండింటిలోనూ కుటుంబం ఉంది, మూర్ఛ ఉంది, జన్యువులో మార్పు ఉంది, ప్రయోగశాల సాక్ష్యం ఉంది. తేడా ఒక్కటే. మొదటిదానిలో చుట్టరికం లేని కుటుంబాలు, కొత్తగా మార్పు పుట్టిన పిల్లలు, చివరకు నియమానికి మినహాయింపుగా కనబడ్డ మగపిల్లవాడు కూడా అదే జన్యువు వైపు వేలు చూపించారు. రెండవదానిలో ముఖ్యసాక్షి ఒక కుటుంబం. మిగిలినవన్నీ ఆ కుటుంబాన్ని నమ్మిన తరువాత దాని చుట్టూ అల్లుకున్న తీగలు.

మార్పు జన్యువును పూర్తిగా చెరిపివేసేదైనా అదొక్కటే చాలదని 2009లోనే తేలింది. ఎక్స్‌తో ముడిపడిన మేధోవైకల్యం ఉన్న 208 కుటుంబాలలో టార్పీ బృందం 718 జన్యువులను చదివి, ఎక్స్ మీద కనీసం నూటికి ఒక జన్యువు పూర్తిగా పనిచేయకపోయినా మనిషి మామూలుగానే బతకగలడని చెప్పింది. పాడైన జన్యువు కనబడగానే రోగకారణం దొరికిందనుకోకూడదన్నమాట.

అలాగని ‘ఆరోగ్యవంతులలో కనబడితే కొట్టివేయి’ అన్న సూత్రాన్ని గుడ్డిగా పట్టుకున్నా ప్రమాదమే. ఎస్ఆర్‌పీఎక్స్ 2 విషయంలో అది సరైన తీర్పే ఇచ్చింది. అదే కొలబద్దను పీసీడీహెచ్ 19కు పెట్టి చూడండి. మార్పు మోస్తూ నిక్షేపంగా తిరిగే మగవాడు అక్కడ ఆరోపణకు విరుద్ధసాక్షి కాదు, ఆ రోగ లక్షణానికి అతడే నిదర్శనం. జనం డీఎన్ఏలో అలాంటి పురుషుడు కనబడ్డాడని ఆ జన్యువును కొట్టివేస్తే, ఏడు కుటుంబాల సాక్ష్యాన్ని పారవేసినట్టే. ఏ సాక్ష్యం ఎంత బరువు తూగుతుందో తెలియాలంటే ఆ రోగం ఏ తోవన ప్రయాణిస్తుందో ముందు తెలియాలి.

ఇలాంటి అనుభవాల తరువాతనే ఈ శాస్త్రంలో కొలతలకు ఒక క్రమశిక్షణ వచ్చింది. 2014లో మెకార్తర్ తదితరులు నేచర్ పత్రికలో మార్గసూత్రాలు ప్రకటించారు. 2016లో 60,706 మంది జన్యుసమాచారం ఒక్కచోట చేరి, సామాన్య జనంలో ఏ మార్పు ఎంత అరుదో చూసుకునే వీలు పెరిగింది. 2017లో క్లిన్‌జెన్ అనే సంస్థ ఒక జన్యువుకూ ఒక రోగానికీ ఉన్న సంబంధానికి మార్కులు వేసే పద్ధతిని రూపొందించింది. రోగుల నుంచి, కుటుంబాల నుంచి వచ్చే సాక్ష్యానికి గరిష్ఠంగా 12 మార్కులు. ప్రయోగశాల సాక్ష్యానికి ఎంత గొప్పదైనా 6కు మించవు. అంటే ఎలుకలు ఎంత చక్కగా సహకరించినా, రోగుల సాక్ష్యం లేనిదే గట్టెక్కడం కుదరదు. పైపెచ్చు మొత్తం 12 దాటినా, తొలి ప్రకటన తరువాత కొన్నేళ్ళు గడిచి, వేరేవారు అదే చూపిస్తే గాని ‘నిశ్చితం’ అన్న ముద్ర పడదు. కాలాన్ని కూడా సాక్షిగా బోనెక్కించడం నాకు బాగా నచ్చింది.

ఈ కొలతలు పండితుల కాలక్షేపం అనుకునేవారికి ఒక మాట. ఒక జన్యువును కారణమని ప్రకటించగానే ఆసుపత్రులలో దాన్ని పరీక్షించడం మొదలవుతుంది. ఆ ఫలితం చూసుకుని అక్క పిల్లలను కనవచ్చా అని ఆలోచిస్తుంది, చెల్లెలి పెళ్ళిచూపులు వాయిదా పడతాయి, కడుపులో ఉన్న బిడ్డ గురించి నిర్ణయాలు జరుగుతాయి. కారణం అది కాదని ఏడేళ్ళ తరువాత తెలిస్తే, అప్పటికి జరిగిపోయిన నిర్ణయాలను ఎవరు సరిదిద్దగలరు?

బాబాయి అడిగిన ప్రశ్న సంగతి. పోయిన వారం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆ కాగితాలలో ఉన్న జన్యువు పైన చెప్పినవాటిలో ఏదీ కాదు. అయినా 1971 నాటి ఆ కుటుంబం కథ ఆయనకు చెప్పాను. ఏ రోగమూ లేని తండ్రి మీదుగా కూతుళ్ళకు జబ్బు వచ్చిందని, అది తెలియక ఎందరు తల్లులను ఎన్ని మాటలన్నారో మనకెవరికీ తెలియదని అన్నాను. ‘ప్రాముఖ్యం తేలని మార్పు’ అంటే నేరస్థుడని కాదు, విచారణ ముగియలేదని మాత్రమే అర్థమని, అమ్మానాన్నల రక్తం కూడా పరీక్షించే వీలుందేమో వైద్యులను అడగమని, రెండు మూడేళ్ళకొకసారి ఈ ఫలితాన్ని మళ్ళీ చూడమని కోరవచ్చని చెప్పాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పిల్ల ఆయన ఒళ్ళో కూర్చుని కళ్ళజోడు లాగుతోంది. తలుపు దగ్గర నిలబడి వింటున్న కోడలు మెల్లగా అడిగింది:

“అయితే బావగారూ, అప్పటిదాకా ఇది ఎవరి వల్లా కాదనుకోవచ్చా?”

నేను జవాబు చెప్పేలోపే బాబాయి, “అనుకోవచ్చమ్మా,” అన్నారు.